అన్నయ్య వేసిన రైలుదారి

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా కంప్యూటర్లో రైళ్ల ఆట తెరవబోయే ముందు అన్నయ్య గోడలోంచి నెట్ వైరు పీకి, చుట్టచుట్టి మేకుకు తగిలించాడు. ఎప్పుడూ చేసే పనే. చెల్లెలు స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మీ అన్నయ్యకి లిఫ్టయినా రైలయినా ఒకటేనే. ముందు మెయిన్ తీసెయ్యందే చెయ్యి పెట్టడు," అన్నాడు మంచం మీద వాలి ఉన్న ఆమె భర్త.

"నువ్వు టికెట్లు కొట్టు బావా, బండి సంగతి నేను చూసుకుంటా."

బావ బస్సు కండక్టరు. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ఎత్తయిన మేడల నెత్తిన ఉండే మోటారు గదుల్లోనే అతని బతుకంతా గడిచింది. ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు పోయేది కాదు. పెళ్లి ఊసెత్తితే నవ్వి ఊరుకునేవాడు. చెల్లెలి ఇంటి పైగదిలో ఉంటూ, సెలవు దొరికితే రైళ్ల ఆట ముందు కూర్చునేవాడు. ఈ వయసులో ఈ పిచ్చేమిటని అడిగితే, "రోజంతా పైకీ కిందకీ తిరిగేవాణ్ణి చిట్టీ. కాస్త పక్కకి వెళ్లాలనిపించదూ?" అనేవాడు.

ఆ ఆటని డబ్బాతో సహా దుకాణంలో కొన్నాడు. తీరా ఇంటికొచ్చి కంప్యూటర్లో సీడీ బిళ్ల పెడితే, కంపెనీవాళ్ల దగ్గర ఖాతా తెరిస్తే గానీ ఆడనివ్వనంది. "ఇల్లు కొనుక్కుని, గుమ్మం దగ్గర కాపలావాడికి పేరు చెప్పుకుని లోపలికి వెళ్లినట్టుంది," అని సణుక్కుంటూనే తెరిచాడు. తర్వాత అందులో కొండలు తవ్వాడు, వంతెనలు కట్టాడు, పట్టాలు పరిచాడు. స్టేషన్లకి పేర్లు కూడా తనే పెట్టాడు. సొరంగం పేరు 'బావ గురక'. బండి ఎంతకీ కదలని జంక్షన్ 'చిట్టి అలక'. ఆదివారాల్లో ఆ బండికి చెల్లెలే ప్రయాణికురాలు. ఒక్కనాడూ తను మౌసు ముట్టుకోలేదు.

ఆ రోజు బండి కొండ మలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఆ వెనకాలే ఆఖరి స్టేషన్. రంగులు వెయ్యాలి. వచ్చే ఆదివారం చూపిస్తా."

"పేరేం పెట్టావ్?"

"దిగి చదువుకో."

బుధవారం ఒక మేడ మీది మోటారు గదిలో అతని గుండె ఆగిపోయింది. బాగుచెయ్యడానికి వెళ్లిన లిఫ్టు ఇంకా బాగవలేదు కాబట్టి, మనిషిని మెట్ల మీదుగా కిందికి మోసుకొచ్చారు.

చుట్టాలంతా వెళ్లిపోయాక చెల్లెలు పైగదిలోకి వెళ్లింది. వైరు మేకుకి అన్నయ్య తగిలించినట్టే ఉంది. ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు, ఆ ఆఖరి స్టేషన్ పేరు ఒక్కసారి చదవాలి. కానీ ఎవరి వస్తువైనా, ఆఖరికి సూదైనా, అడగకుండా ముట్టుకోకూడదని వాళ్లమ్మ వాతలు పెట్టినంత పని చేసి నేర్పింది. వస్తువు గలవాడు లేనప్పుడు ఎవర్ని అడగాలి? కరెంటు మీటరుకి పేరు మార్చమని ఆఫీసులో అడగమూ? ఆటకైనా అంతే కదా అనుకుంది. వైరు గోడలో పెట్టి, కంప్యూటర్ తెరిచి, కంపెనీవాళ్ల నంబరు వెతికి ఫోను చేసింది.

అవతల ఒక అమ్మాయి. గొంతు వెన్నలా ఉంది.

"ఖాతాదారు చనిపోయారని ధ్రువీకరిస్తున్నారా అండీ?"

"అందుకేనమ్మా ఫోను చేశాను. మా అన్నయ్య ఆట ఒకసారి తెరుచుకోవచ్చా అని."

"క్షమించండి. ఖాతా ఇంకొకరికి చెందదండీ. నిబంధన ప్రకారం ఇప్పుడే మూసేస్తున్నాం."

"మూసేస్తే? మరి ఆట?"

"అదీ ఉండదండీ."

"డబ్బా మా అల్మారాలో ఉంది తల్లీ! డబ్బు పోసి కొన్నాడు మా అన్నయ్య."

"ఆయన కొన్నది ఆట కాదండీ. ఆయన ఆడుకోవడానికి అనుమతి మాత్రమే."

చెల్లెలు చూస్తుండగానే తెర మీది రైలు బొమ్మ బూడిద రంగుకి తిరిగింది. దాని మీద ఒక తాళం గుర్తు పడింది.

"ఇంకేమైనా సహాయం చెయ్యగలనా అండీ?"

ఆమె ఫోను పెట్టేసి, తెర మీది తాళం గుర్తుని కొంగుతో తుడిచి చూసింది. మనిషి పోవడం ఎక్కడైనా ఉన్నదే. మనిషి కట్టిన ఊరికి ఊరే, తను అడిగిన పాపానికి, కళ్లముందే మాయమైపోవడం ఏమిటి?

సంగతి విని భర్త మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "నువ్వు అడిగావా? వాళ్లు పీకేశారా? రేపు నేను పోతే, కండక్టరు లేడు కదా అని బస్సులో జనాన్ని కూడా దింపేస్తారేమిటే!" అన్నాడు. నవ్వబోయి, నవ్వు రాక మొహం తిప్పుకున్నాడు.

ఆమె డబ్బా తెరిచి బిళ్ల పెట్టి చూసింది. మీ ఖాతాలోకి ప్రవేశించండి అంది తెర. తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట.

కొన్నాళ్లకి, అన్నయ్యతో జంటగా పనిచేసిన బక్కాయన పనిముట్ల సంచి ఇచ్చిపోవడానికి వచ్చాడు. సంచి పైగదిలో బల్లమీద పెడుతూ గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"అక్కా, ఆ వైరు పెట్టిందెవరు?"

ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"వైరు పీకి తెరిస్తే సరిపోయేదక్కా. నెట్టు లేకపోతే కంపెనీవాళ్లకి ఏం తెలుస్తుంది? ఆట దానిమానాన అదే నడిచేది. ఒకసారి వాళ్లేదో మార్పు పంపితే అన్న కట్టిన వంతెన కూలిపోయింది. అప్పట్నుంచీ వైరు పీకందే ఆట తెరిచేవాడు కాదు."

"మరి... అది లిఫ్టుల దగ్గర అలవాటు కాదూ? ముందు మెయిన్ తియ్యడం?"

"అన్నా? మెయిన్ తియ్యడమా?" అన్నాడు బక్కాయన. "అది ఆయన మర్చిపోతాడనే కదక్కా, నన్ను ఆయన పక్కన వేసింది."