తలకిందుల డబ్బా

విజయవాడ నుంచి చల్లపల్లి వైపు కాలువగట్టు వెంట ఫైబర్ కేబుల్ వేస్తున్న రోజుల్లో నేనొక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌ని. అంటే గొడుగు కింద నిలబడి అందరి మీదా కేకలేసే ఉద్యోగం. తొంభైల చివరి మాట. భవానీపురం నుంచి వచ్చే ఒక భాయ్ మాకు జాయింట్లు వేసేవాడు. వెంట్రుకంత గాజు పోగుల్ని మిషన్లో పెట్టి కరిగించి అతికించేవాడు. అతికిన పోగుల్ని ప్లాస్టిక్ డబ్బాలో చుట్టి, మూత బిగించి, గోతిలో పాతేవాళ్లం.

మా డెల్టాలో నాలుగు పారలు తీస్తే నీరు ఊరుతుంది. కాలువలు వదలగానే ఆ డబ్బాల్లోకి నీళ్లు చేరేవి. లైను మొరాయించేది. మళ్లీ తవ్వేవాళ్లం, నేను మళ్లీ కేకలేసేవాణ్ణి. భాయ్ మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఒకరోజు టీకొట్టు దగ్గర గాజుగ్లాసు అడుగున కాగితం కుక్కి, గ్లాసు బోర్లించి బకెట్లో ముంచాడు. పైకి తీసి ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. పొడిగా ఉంది.

"మనం డబ్బాని పడుకోబెట్టి పాతుతున్నాం సార్. బోర్లించి నిలబెట్టి, కేబుళ్లన్నీ కిందనుంచే ఎక్కిస్తే, లోపలి గాలి నీళ్లని రానివ్వదు గదండీ," అన్నాడు.

లావుపాటి పీవీసీ గొట్టం, ఆటోనగర్‌లో లేత్ పట్టించిన అడుగుబిళ్ల, గవర్నర్‌పేటలో కొన్న కుక్కర్ గాస్కెట్‌తో ఆ డబ్బా తనే చేశాడు. ఇందులో పప్పు ఉడుకుతుందా అని ఏడిపించాను. టెలిఫోన్ శాఖ పెద్ద ఇంజినీరు మాత్రం నవ్వలేదు. ఒకచోట పాతమన్నారు. వానలు వెళ్లాక తన కళ్లెదుట తెరవాలి, లోపల పొడిగా ఉంటే లైనంతా అవే వేయిస్తానన్నారు. ఆ వారమంతా భాయ్ కాలు నేల మీద నిలవలేదు.

కొబ్బరికాయ కొట్టకుండా మా కూలీలు కొత్త పని ముట్టుకోరు. వాళ్ల కోసం భాయే వెళ్లి కాయ, పసుపు, కుంకుమ తెచ్చాడు. డబ్బా పాతి, పైన గుర్తురాయి నిలబెట్టాక కూలీలు దానికి పసుపు పూసి బొట్లు పెట్టారు. నేనూ దణ్ణం పెట్టాను.

వానలు వెళ్లాక ఇంజినీరుగారితో వెళ్లేసరికి రాయి చుట్టూ సిమెంటు అరుగు కట్టి ఉంది. రాయికి ఎర్రగుడ్డ, ముందు దీపం.

"ఈ తల్లి వెలిశాక మా గట్టుకి గండి పడలేదండీ. గునపం వెయ్యనివ్వం," అంది పక్క చేలో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ.

అది దేవత కాదు, టెలిఫోన్ రాయి అని నేను గొంతు పెంచాను. జనం పోగయ్యారు. ఇంజినీరుగారు భాయ్ వైపు చూశారు.

"వద్దులెండి సార్, మొక్కుకున్నారు. కొబ్బరికాయ తెచ్చింది నేనే," అన్నాడు.

చూడకుండా ఎలా ఒప్పుకోనయ్యా అంటూ ఆయన జీపెక్కారు. మరుసటేడు బదిలీ అయ్యారు. భాయ్ మీద నాకు ఒళ్లు మండింది. అంత మంచితనం దేనికి అని దారంతా తిట్టాను. ఆ జాయింటు ఎన్నడూ మొరాయించలేదు. మొరాయించలేదు కాబట్టే దాన్ని ఎవరూ తవ్వలేదు.

కొన్నేళ్లకి మాకు కొత్తరకం డబ్బాలు వచ్చాయి. బోర్లించి నిలబెట్టేవి, కేబుళ్లు కిందనుంచే. అప్పటికి భాయ్ ఈ పని మానేసి మిక్సీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఆ డబ్బా పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. ఊరివాళ్లు రాయిని మేళతాళాలతో అవతలి గట్టుకి తీసుకెళ్లారట. కిందున్న డబ్బాని పొక్లెయిన్ తవ్వేసింది. ఆలస్యంగా తెలిసి, ఆ సంగతి చెబుదామని భాయ్ కొట్టుకి వెళ్లాను. అంతా విని, చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"లోపల తడి ఉందా సార్?" అన్నాడు.

తెలియదన్నాను. మట్టితో పాటు ట్రాక్టర్లో ఎత్తుకుపోయారని చెప్పాను.

"పారేసే ముందు ఒక్కసారి తెరవాల్సింది సార్," అన్నాడు.