అక్క అతికించిన ఆకాశం

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక తప్పును ఇన్నేళ్లూ సహించి, నన్ను తన సన్నిధిలోనే నిలుపుకొన్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన సహనమే లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు చెయ్యి ఆడేది కాదు.

అప్పట్లో మేము చిత్తూరులో ఉండేవాళ్లం. మా పక్కింటి అక్క బస్టాండు దగ్గర ఒక ప్రెస్సులో డిజైన్లు వేసేది. పెళ్లి కార్డులు, బంగారుపాళ్యం మామిడి గుజ్జు డబ్బాల మీద అంటించే లేబుళ్లు ఆమె చేతి మీదుగానే పోయేవి. ప్రెస్సులోకి అప్పుడే కంప్యూటరు వచ్చింది. అయినా ఆమె ప్రాణమంతా పాత సామాన్ల అంగడిలోనే ఉండేది. సెలవు రోజున సంచి పట్టుకుని పోయి చిరిగిన క్యాలెండర్లు, అగ్గిపెట్టెల బొమ్మలు, ఎవరో పారేసిన శుభలేఖలు, శ్రీకాళహస్తి కలంకారి గుడ్డ పీలికలు తెచ్చుకునేది. వాటిని కత్తిరించి, మైదా జిగురుతో అట్ట మీద అతికిస్తే అవన్నీ కలిసి ఒక కొత్త బొమ్మ అయ్యేవి. నేను పక్కన కూర్చుని జిగురు గిన్నె పట్టుకునేదాన్ని. "కొత్త కాగితం యాడైనా దొరుకుతాది పాపా. ఒకరు వాడి పారేసిన ముక్క మళ్లా దొరకదు" అనేది.

వాళ్ల నాయనకు మాత్రం ఇది గిట్టేది కాదు. "సెత్త ఏరుకునేదానికేనా నిన్ను సదివించింది?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడాది క్రిస్మసుకు మందిరంలో ప్రసంగపీఠం వెనక గోడకు ఒక బొమ్మ చేసివ్వమని మా సంఘం వాళ్లు ఆమెను అడిగారు. నెలరోజులు కష్టపడి తలుపంత అట్ట మీద బేత్లెహేము రాత్రిని అతికించింది. దాన్ని మందిరం గోడ మీద చూస్తేనైనా నాయన తన పనిని మెచ్చుకుంటాడని ఆమె ఆశ. ఆ ఆశను నాకొక్కదానికే చెప్పుకుంది.

పండగనాడు నేను కంఠస్థ వాక్యాలు ఒక్క తప్పు లేకుండా చెప్పి బహుమతి తీసుకున్నాను. కానీ ఆరాధన ముగిశాక అందరి కళ్లూ బొమ్మ మీదే. ఆడవాళ్లు అక్క చుట్టూ మూగారు. వాళ్ల నాయన కూడా చేతులు వెనక్కి కట్టుకుని ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా వైపు ఎవరూ చూడలేదు. నాలో లేచినది అసూయ అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు దాన్ని భక్తి అనుకున్నాను. విగ్రహాల జోలికి పోరాదని సండేస్కూల్లో నేర్చుకున్నది గుర్తు చేసుకుని, సంఘ పెద్ద దగ్గరికి పోయి అందరికీ వినిపించేలా, "ఆ ఆకాశం దేవుళ్ల క్యాలెండర్లోదయ్యా. అక్క కత్తిరిస్తా ఉంటే నేనే సూసినాను" అన్నాను.

నిజమేనా తల్లీ అని పెద్దాయన అక్కను మెల్లగా అడిగాడు. "నిజమేనయ్యా. నీలం బాగుండాదని ఆకాశం వరకే తీసుకుంటిని" అంది అక్క. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికైనా అభ్యంతరం కలుగుతుందేమోనని భయపడి, తీసేయమన్నాడు.

దించింది వాళ్ల నాయనే. "సెప్తే ఇంటివా? ఇంతమంది ముందర తల దించుకునేటట్ల సేస్తివి గదా" అంటూ దాన్ని మడిచాడు. అట్ట నడిమికి విరిగిన చప్పుడు మందిరమంతా వినిపించింది. అప్పుడు అక్క నేను వేసుకున్న కొత్త పట్టు గౌను వైపు చూసింది. ఏదో అనబోయి, మా అమ్మ వైపు చూసి నోరు మూసుకుంది. నాకు భయపడిందనుకున్నాను.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఆ బొమ్మలో మరియమ్మ పైట యాడిదనుకుంటివి? నీ గౌను కుట్టంగా మిగిలిన ముక్కే. నేను పనికి పోయే ఇంట్లో అమ్మ ఏటేటా కొండకు దేవుని దర్శనానికి కట్టుకోని పోయే చీర అది. పాతబడిందని నాకిచ్చె. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. ఒక్క మాట అనింటే నీ గౌను గతేమి, నా గతేమి?"

ఆ సాయంత్రమే రెండిళ్ల మధ్య గోడ దగ్గరికి పోయి అక్కను పిలిచాను. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను. ఆమె కళ్లు కూడా ఉబ్బి ఉన్నాయి. అయినా నవ్వి, "పండగ పూట గౌను ఇప్పిచ్చేస్తే నీకు సలేస్తాది గదా పాపా" అంది. తప్పయిపోయిందక్కా అన్నాను. గోడ మీదుగా చెయ్యి చాచి నా తల నిమిరింది.

ఆమె పాత అంగడికి పోవడం మానలేదు. మందిరం గోడకు మాత్రం మళ్లీ ఏదీ చేసివ్వలేదు. వాళ్ల నాయన ఆమె పనిని ఒక్కసారైనా మెచ్చుకోకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అదే సంఘంలో నేను పిల్లలకు వాక్యం చెబుతున్నాను. ఒక పిల్ల లేచి ఇంకొక పిల్ల తప్పు చెప్పబోతే వెంటనే దగ్గరికి పిలుచుకుని నా చెవిలో చెప్పమంటాను. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఇంత సిగ్గు. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకుని బయటపడేదాన్ని. నిజాన్ని పట్టుకుని ఒక మనిషిని కొట్టాను. నిందను సంఘమంతటి ముందు మోపి, క్షమాపణను గోడచాటున అడిగాను.

ఆమె ఈనాటికీ ఆడవాళ్ల వైపు, కిటికీ పక్కన కూర్చుంటుంది. సాక్ష్యాల సమయం వచ్చినప్పుడల్లా ఈ మాట చెప్పాలనే లేస్తాను. వేరే మేలు ఏదో చెప్పి కూర్చుంటాను. వచ్చే ఆదివారం మళ్లీ లేస్తాను. ఇది చదువుతున్న మీరు కూడా దయచేసి నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ రోజు అంత గట్టిగా పలికిన ఈ గొంతును ఈ ఒక్క ఆదివారం పూడిపోనియ్యకు. ఆమెన్.