పోచమ్మ రాయి కోసం లాల్‌గడి మలక్‌పేట్ దాకా

సూరారంలోని మా కాలనీ గుడి కమిటీని ఏళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. మూలమీద ఉన్న పోచమ్మ రాయి ఏమైంది? మొదట్లో నవ్వారు. తర్వాత గురువారం పారాయణంలో నేను చెయ్యెత్తితే పక్కవాళ్లను పలకరించేవారు. చివరికి ప్రసాదం గిన్నె కూడా నన్ను దాటి పోయేది. మొన్న పాలు పోసే అతను చెప్పాడు. గుడి గోడ కోసం దాన్ని లేపి పక్కన పారేస్తే, ఆ నేల పాత ఆసామి యాదమ్మ బండి మీద లాల్‌గడి మలక్‌పేట్ తీసుకుపోయిందట. తిరిగి తెద్దామని ఆదివారం బయల్దేరాను.

ఆ దారిన వెళ్లేవారు గండిమైసమ్మ దగ్గర బస్సు మారాలి. ఏడుంపావుకు దిగాను. మేడ్చల్ బస్సు ఎనిమిదైనా రాలేదు. ఎందుకని బస్సెక్కాక కండక్టర్‌ను అడిగితే అతనూ పక్కవాళ్ల వైపు తిరిగి టికెట్లు కొట్టాడు.

పక్కసీట్లో కూరగాయల గంపావిడ, “ఏడిదాక సారూ?” అంది. రాయి కోసమన్నాను.

“ఇల్లు గడుతున్నవా? మస్తు లేటు జేసినవ్, రేట్లు పెరిగినయ్.”

మేం గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో, తొంభైల్లో, ఈ దారంతా ద్రాక్ష తోటలు. ఇప్పుడు పందిళ్ల రాతి స్తంభాలు మిగిలాయి, వాటి మధ్య ప్లాట్ల హద్దురాళ్లు. ఆ రోజుల్లో నా భార్య సావిత్రి ప్రతి ఆదివారం పసుపు, వేపాకు కలిపిన నీళ్లు చెంబుతో ఆ రాయి ముందు పోసేది. దాన్ని సాక అంటారని యాదమ్మే నేర్పింది. మన పద్ధతి కాదు కదా అన్నాను. “వాళ్ల నేల మీద ఉంటున్నాం. వాళ్ల అమ్మకు చెప్పుకోవద్దా?” అంది. రాయి పోయాక మాత్రం దాని ఊసెత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. రెండేళ్ల క్రితం సావిత్రి కూడా పోయింది.

మేడ్చల్‌లో ఇడ్లీ తిని, షామీర్‌పేట బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో.

యాదమ్మ నన్ను చూడగానే, “సావిత్రమ్మ పెనిమిటివి గద. రా సారూ,” అని పెరట్లోకి తీసుకెళ్లింది. వేపచెట్టు కింద రాయి. పక్కన మా ఇంట్లో ఎప్పుడో కనబడకుండా పోయిన ఇత్తడి చెంబు, నొక్కుతో సహా.

“ఏటా ఆషాఢంల వచ్చేది. నీకు చెప్పలే?”

“లేదు.”

“చెప్తే మా ఆయన కాలనీల లొల్లి జేస్తడు అనేది.” యాదమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.

రాయిని తీసుకుపోతానన్నాను.

“నువ్వొక్కనివొస్తే కాదు. అడగకుంట లేపినోళ్లే వచ్చి, సాక పోసి, అమ్మను పిలవాలె. గప్పుడు తీస్కపో.”

“వాళ్లు రారు.”

“ఏంది, మీ దిక్కు బస్సులు నడుస్తలేవా?”

ఆ చెంబుతోనే సాక పోశాను. తడిసిన రాయి పసుపు వాసన వేసింది. మా వాకిలి పాత ఆదివారాల వాసన అది.

మూడు గంటల బస్సులో తిరిగి వస్తుంటే, పారాయణంలో కమిటీ అధ్యక్షుడు గీత శ్లోకానికి చెప్పిన అర్థం గుర్తొచ్చింది. భక్తితో ఇస్తే నీళ్లైనా దేవుడు అందుకుంటాడట. బాగా చెప్పారు. ఆ నీళ్ల కోసం మోకాళ్ల నొప్పులతో మూడుసార్లు బండి మారిన మనిషి ఆయన ముందు వరుసలోనే కూర్చుని ఆ మాట వింది.

అధ్యక్షుడు గారూ, వచ్చే ఆదివారం ఏడుంపావుకు గండిమైసమ్మ దగ్గర నిలబడి ఉంటాను. వస్తారా, రారా? ఈసారి నోటితో చెప్పండి.