ఏ ఆడెపు?

జిల్లాలు కొత్తగా విడిపోయిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను ఇచ్చోడ నుంచి బదిలీ చేశారు. వేములవాడకు దగ్గరలో, మరమగ్గాల మీద బతికే ఒక చిన్న పట్టణంలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేరమని ఉత్తర్వు. నేను అడిగింది ఆసిఫాబాద్. అక్కడ ఖాళీ ఉంది కూడా. ఆ ఖాళీలో నా తర్వాత ఉద్యోగంలో చేరినవాడిని వేశారు. ఉత్తర్వు నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్ అంటే లైన్‌మన్‌లకు పైన, అసిస్టెంట్ ఇంజినీరుకు, అంటే ఏఈకి, కింద. పని చేయించేది మేము. సంతకం ఏఈది. తేడా వస్తే సంజాయిషీ మళ్లీ మాది. అక్కడి ఏఈ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. చేరిక రిపోర్టు ఇస్తే నిలబెట్టే మాట్లాడాడు.

"ఇచ్చోడ నుంచా? అక్కడ అడవిల లైన్లు. ఇక్కడ ఇండ్ల నడిమిట్ల లైన్లు. జర చూసుకొని పని చెయ్యి" అన్నాడు. గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొదటి వారం ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా రాసుకుందామని బయలుదేరాను. రాజేశం అనే సీనియర్ లైన్‌మన్ తన బండి మీద ఊరంతా తిప్పాడు. ఆయన పొరుగూరి నుంచి డ్యూటీకి వచ్చేవాడు కానీ ఇక్కడి ప్రతి స్తంభమూ తెలుసు.

"ఇది ఆడెపు ట్రాన్స్‌ఫార్మర్ సార్" అన్నాడు. రాసుకున్నాను. మూడు గల్లీలు దాటాక మరొకటి వచ్చింది.

"ఇదేమిటి?"

"ఇది గూడ ఆడెపుదే."

"మరి ఇందాకటిది?"

"అది ఆడెపు బావి సార్. ఇది ఆడెపు షెడ్. ముందట ఆడెపు హాల్ వస్తది. మీరు రాసుకోండ్రి, సమజైతది."

సమజు కాలేదు. ఆ ఊరి నేత కుటుంబాల్లో సగం ఇంటిపేరు ఆడెపు. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ ఆడెపు బావి దగ్గర బావి లేదు. ఎప్పుడో పూడ్చి దాని మీద గదులు కట్టారు. ఆడెపు కిరాణం నడిపేది జహంగీర్. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరే ఉంది. అయినా ఊరివాళ్లు "ఆడెపు జహంగీర్" అని పిలిచేవారు, ఆయన పలికేవాడు. ఆడెపు గల్లీలో రెండిళ్లే ఆడెపువాళ్లవి. చివరికి రోడ్డు మీది స్పీడ్ బ్రేకరు కూడా ఆడెపుదే. ఎందుకని అడిగితే రాజేశం, "ఆడెపోళ్ల ముసలవ్వకు అక్కడ బండి తాకింది సార్. అప్పుడేసిన్రు" అన్నాడు.

మావాళ్ల అలవాటు కూడా దీనికి తోడైంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి గోడ పక్కన నిలబెడితే వారి ఇంటిపేరే దానికి పడిపోతుంది. నిజానికి ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒక నంబరు ఉంటుంది. దాన్ని పసుపు రేకు మీద నల్ల రంగుతో రాసి స్తంభానికి బిగించాలి. అక్కడ చాలా రేకుల మీద మగ్గాల నుంచి ఎగిరిన నూలు దుమ్ము పేరుకుని అంకెలు కనిపించేవి కావు. ఒక రేకును ఎవరో కోళ్ల గూటికి తలుపు చేసుకున్నారు.

నంబర్లు మళ్లీ రాయించాలని ఏఈకి లేఖ ఇచ్చాను. చదివి సొరుగులో పెట్టాడు. నెల తర్వాత రెండో లేఖ ఇచ్చాను. "ఊర్ల అందరికి సమజైతున్నది, నీ ఒక్కనికే అయితలేదు" అన్నాడు, సిబ్బంది ముందు. ఆ సాయంత్రం నుంచి నన్ను చాటుగా నంబర్ సార్ అనడం మొదలుపెట్టారు. అన్నదెవరో కూడా నాకు తెలుసు.

ఆగస్టులో ఒక పొద్దున ఆడెపు షెడ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద జంపరు మాడిందని తెలిసింది. జంపరు అంటే పైన పోయే తీగను ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపే చిన్న ముక్క. పూర్తిగా తెగలేదు, ఇవాళో రేపో తెగుతుంది. దాన్ని మార్చడానికి రాజేశాన్నీ, అసిస్టెంట్ లైన్‌మన్ సత్తయ్యనూ పంపాను.

ఇలాంటి పనికి పద్ధతి ఉంది. ఊరంతటికీ కరెంటు ఆపాలంటే సబ్‌స్టేషన్ నుంచి అనుమతి తీసుకోవాలి. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కైతే దారిలో ఉన్న ఏబీ స్విచ్ చాలు. స్తంభం వెంట కిందికి దిగిన కడ్డీని లాగితే పైన మూడు తీగలూ ఒకేసారి విడిపోయి, అక్కడి నుంచి అవతలికి కరెంటు ఆగుతుంది. కడ్డీకి తాళం వేయాలి. ఆ తర్వాత పని జరిగే చోట కరెంటు లేదని పరీక్షించి, తీగలను భూమికి కలిపి, అప్పుడు ఎక్కాలి.

ఆ ఊళ్లో పరీక్ష మరో రకంగా చేసేవారు. కరెంటు పోయిన క్షణంలో చుట్టూ మగ్గాలన్నీ ఆగిపోతాయి. అంత చప్పుడు ఒక్కసారి ఆగితే చెవిటివాడికైనా తెలుస్తుంది. కాబట్టి లైన్‌మన్‌లు స్తంభం కింద నిలబడి చెవి పెట్టేవారు. మగ్గాలు ఆగితే ఎక్కేవారు. ఏళ్ల తరబడి అలాగే చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు.

రాజేశం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లాడు. సత్తయ్య స్విచ్ దగ్గరికి వెళ్లాడు. వాళ్లిద్దరి మధ్య ఫోనులో నడిచిన మాటలు తర్వాత ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను. తేడా లేదు.

"తీసినవా సత్తన్నా?"

"తీసిన. తాళం గూడ ఏసిన."

"ఆడెపుదే గద?"

"ఆడెపుదే."

రాజేశం చెవి పెట్టాడు. ఒక్క మగ్గమూ ఆడటం లేదు. ఎక్కాడు.

నేను ఆఫీసు నుంచి నడిచి వచ్చేసరికి ఆయన పైన నడుముకు బెల్టు బిగించుకుని, సంచిలో పానా కోసం వెతుకుతున్నాడు. మాడిన జంపరు ఆయన భుజానికి మూరెడు దూరంలో ఉంది. గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక చిన్న సొద వినిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటోంది. రెండు నెలల్లో ఆ ఊళ్లో ఒక్కసారి కూడా ఆ శబ్దం వినలేదు, మగ్గాల హోరులో వినబడదు. ఇచ్చోడ అడవి లైన్ల కింద మాత్రం ఏళ్లపాటు రోజూ విన్నాను. కరెంటు ఉంటేనే ఆ సొద ఉంటుంది.

"రాజేశం, చెయ్యి ఎత్తకు. దిగు" అని అరిచాను.

"ఏమైంది సార్?"

"కరెంటు ఉంది."

"మగ్గాలు బందున్నయి గద సార్!"

"మగ్గాలే బందున్నాయి. నువ్వు దిగు."

గొణుక్కుంటూనే దిగాడు. "గిట్లయితే పని అయినట్టే" అన్న మాట నాకు వినపడాలనే అన్నాడు. కింద ఉన్న పెట్టె తెరిచి టెస్ట్ దీపం పెట్టాను. దీపం వెలిగింది. రాజేశం దాన్ని చూసి, నా మొహం చూసి, దిమ్మె మీద కూర్చున్నాడు.

మగ్గాలు ఎందుకు ఆగాయో నాకు అంతుపట్టలేదు. పక్కింటి గడపలో నిలబడిన ఆమెను అడిగాను.

"మాకు ఇయ్యాల సూతకం సార్. లస్మయ్య తాత పోయిండు, తెల్లారంగ."

"మీకేమవుతాడు?"

"ఇంత దగ్గరోడని చెప్పరాదు. ఆడెపోళ్లం గద, మాకందరికి తగుల్తది. మగ్గం ముట్టం."

పోయిన మనిషి ఇల్లు ఊరి ఇంకో కొసన, ఆడెపు బావి దగ్గర. మేమున్న గల్లీలో మగ్గాలన్నీ ఆడెపువాళ్లవే, ఇంటిపేరు ఒక్కటే కావడంతో ఇక్కడి మగ్గాల షెడ్లన్నీ ఆగాయి. రాజేశం పొరుగూరి నుంచి నేరుగా వచ్చాడు, ఆయనకు చావు కబురు తెలియదు. సత్తయ్యకు తెలుసు. ఆ ఇంటి ముందునుంచే వెళ్లాడు, అక్కడ పోగైన జనం ఆడెపు, ఆడెపు అంటుంటే విన్నాడు. ఆ ఎదురుగానే స్విచ్ కనబడింది. తీశాడు.

సత్తయ్యకు ఫోను చేసి, "ఏ ఆడెపు తీశావు?" అని అడిగాను.

"మన ఆడెపే సార్" అన్నాడు.

"మన ఆడెపు ఏది?"

"బావిది సార్" అన్నాడు.

మధ్యాహ్నానికి సరైన స్విచ్ తీయించి, దీపం పెట్టి చూసి, తీగలను భూమికి కలిపి జంపరు మార్పించాను. రాజేశమే ఎక్కాడు. వద్దంటే వినలేదు.

ఆ రోజే రిపోర్టు రాసి ఇచ్చాను. ఏఈ చదివి, "ఎవ్వలు సావలే గదా, ఇదెందుకు?" అన్నాడు. వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోలేదు. వారంలో నాకు మెమో వచ్చింది, పనివారిని పర్యవేక్షించడంలో నిర్లక్ష్యం వహించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. నాలుగు పేజీలు ఇచ్చాను. రెండు లేఖల నకళ్లూ జతచేశాను. శీతాకాలం వచ్చేలోగా ట్రాన్స్‌ఫార్మర్లన్నింటికీ, స్విచ్‌లన్నింటికీ కొత్త రేకులు వచ్చాయి. కరీంనగర్‌లో జరిగిన సమావేశంలో ఆ పనికి ఏఈని మెచ్చుకున్నారు. నేను వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. నా పేరు రాలేదు. మెమో మాత్రం నేను రిటైరయ్యేదాకా సర్వీసు రికార్డులో ఉంది.

ఏఈ మీద నా ఫిర్యాదులో ఇప్పటికీ ఒక్క అక్షరం మార్చను. అయితే ఆ నాలుగు పేజీల్లో మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, దాన్నీ మార్చను. పేరుతో పని చెబితే, విన్నవాడు తన మనసులో ఉన్న పేరుకే ఆ పని చేస్తాడు. నంబరుతో చెప్పాలి, విన్నవాడి చేత తిరిగి చెప్పించుకోవాలి, ఎక్కేముందు దీపం పెట్టి చూడాలి. ఆ పొద్దున ఈ మూడూ జరగలేదు. "ఆడెపు షెడ్ జంపరు మార్చి రండి" అని రాజేశానికీ సత్తయ్యకూ చెప్పింది, నంబర్ల కోసం రెండు లేఖలు రాసిన నేనే.