చివరి గుడ్డు పిల్ల

పిట్టల షాపు పెద్దాయన నలుగురు అన్నదమ్ముల్లో ముందు పుట్టాడు. జీవితంలో ఆయన సాధించింది అదొక్కటే, అందులోనూ ఆయన పడ్డ కష్టమేమీ లేదు. అయినా ఊరంతా ఆ గొప్పే చెప్పుకుంటూ తిరిగేవాడు.

ఇంట్లోనూ అదే చట్టం. ముందు పుట్టిన కొడుకు మిట్టమధ్యాహ్నం షాపుకొచ్చి గింజల బస్తా మీద కునుకు తీసేవాడు. పంజరాలు కడగడం, జబ్బు పిట్టకి మందు పొయ్యడం, బేరాలు తెగ్గొట్టడం అన్నీ కూతురి నెత్తినే. తండ్రి మీద కోపం ఆమెకు ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది ఒట్టి అసహ్యం.

"షాపు నాకివ్వు నాన్నా. నడిపేది నేనే కదా," అంది ఒకరోజు.

"ముందు పుట్టిందే బలమైనది. ఏ గూట్లోనైనా చూడు."

ఆయన చూసిన నిర్వాకం ఆమెకు తెలియనిదా? కెనరీ పిట్ట రోజుకో గుడ్డు పెడుతుంది. పెట్టింది పెట్టినట్టే తీసి, ప్లాస్టిక్ గుడ్డు ఉంచి, చివరికి అసలు గుడ్లన్నీ ఒకేసారి పొదగేస్తారు. పిల్లలన్నీ ఒకే రోజు బయటికొస్తాయి. వాటిలో బాగా బలిసినదాన్ని చూపించి "ఇదే పెద్దది" అనేవాడు పెద్దాయన. ఏది ఏ గుడ్డులోదో గుర్తుపెట్టిన పాపాన పోలేదు.

"ఈసారి గుర్తులు పెడదాం. ఎదుగుదలలో మొదటి గుడ్డు పిల్ల గెలిస్తే షాపు అన్నకి, చివరిది గెలిస్తే నాకు."

"అలాగే," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

గుడ్ల మీద అంకెలు వేసి, ఒక్కో పిల్ల తన గుడ్డు పగిలి బయటికి రాగానే ఆయన ఎదుటే దానికి రంగు చుక్క పెట్టింది. చివరి గుడ్డు పిల్ల మెడ సాచి నోరు తెరిస్తే తల్లి మేత దానికే. వారం తిరిగేసరికి మొదటిది దాని కింద నలిగిపోతోంది. పెద్దాయన మొహం మాడిపోయింది. పిట్టల డాక్టర్ని పిలిపించాడు.

"చివరి గుడ్డు సొనలో తల్లి హార్మోను ఎక్కువ పెడుతుందండీ," అన్నాడు డాక్టరు. "మామూలుగా అది ఆలస్యంగా పుడుతుంది కదా, వెనకబడకుండా గట్టిగా మేత అడుక్కోవాలని. మీరు అన్నిటినీ ఒకేసారి పుట్టించారు, అందుకే మిగతావాటిని మించిపోయింది."

పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. "విన్నావా? తల్లి వెనకేసుకొచ్చింది. సొంత బలం కాదు, పందెం చెల్లదు."

"మరి అన్నని ఇన్నేళ్ళూ వెనకేసుకొచ్చిందెవరు నాన్నా?"

డాక్టరు తల దించుకుని సంచీ సర్దుకున్నాడు. పెద్దాయన బస్తా మీది కొడుకుని తట్టిలేపి తాళాలు చేతిలో పెట్టాడు. ఆ చెయ్యింకా నిద్ర లేవలేదు. తాళాలు జారి కిందపడ్డాయి. పెద్దాయన అలవాటుగా కూతురి వైపు చూశాడు, తీసిస్తుందని.

ఆమె వాటిని దాటుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.