తమ్ముడి విస్తరి

ఈ రోజు కంకిపాడులో మా పిన్ని ఇంట సత్యనారాయణ వ్రతం. పూజయ్యాక బంతిలో మా ఆఖరి తమ్ముడు ప్రసాదు పక్కన కూర్చున్నాను. వాడు కొంచెం అన్నం, కుడివైపున్న వంకాయ కూర తిని చెయ్యి ఆపేశాడు. ఎడమవైపు పులిహోర, రెండు బూరెలు వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి.

“బూరెలు ముట్టలేదేం రా? నేనే వండాను” అంది పిన్ని.

“నాకు వెయ్యలేదు పిన్నీ” అన్నాడు వాడు.

బంతంతా నవ్వింది. “పాపం, మతి కూడా పోయినట్టుంది” అని ఎవరో గొణిగారు. తమ్ముడి ముఖం చిన్నబోయింది.

నాలుగు నెలల కిందట వాడికి పక్షవాతం వచ్చింది. మతి బాగానే ఉంది. కళ్లూ బాగానే ఉన్నాయి. ఎడమవైపు ఉన్నదాన్ని కళ్లు చూసినా మెదడు పట్టించుకోవడం లేదని డాక్టరు గారు చెప్పారు.

నేను వాడి విస్తరి పట్టుకుని అటుది ఇటు తిప్పాను.

“అయ్యో, తింటున్న విస్తరి తిప్పుతారటే! రోజూ పూజలు చేసేదానివి, ఆ మాత్రం తెలియదా?” అంది పిన్ని.

“తెలుసు పిన్నీ. వీడు ఆకలితో లేస్తే నా పూజలెందుకు?”

తమ్ముడు బూరెల వంక చూశాడు. “అక్కా, ఇవి ఇప్పుడు వేశారా?”

“ఇందాకే వేశారు. తిను.”

పిన్ని మూతి ముడుచుకుంటూనే బూరెల్లో నెయ్యి పోసింది. రెండూ తిన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వచ్చే పౌర్ణమికి వ్రతం మా ఇంట్లో. వాడి విస్తరి అందరి ముందూ నేనే తిప్పుతాను. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ పోస్టు కింద రాయండి, లేదా భోజనానికొచ్చి చెప్పండి. బూరెలు ఉంటాయి.