మనిషి గంగ మీద ఉండగా గోళ్లు తియ్యకూడదు

మా అత్త తన కొడుకు తర్వాత అంత ప్రేమ పెట్టుకున్నది ఇంట్లో కుక్క మీదే. నాకు కూర వెయ్యడం మరిచిపోయినా దానికి చేప తలకాయ పెట్టడం మరిచేది కాదు. అలాంటి మనిషి వల్లే దానికి ఆ గతి పట్టింది.

మా ఆయన ఏటా చేపల బోట్ల మీద పనికి గుజరాత్ వెళ్లేవాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుక్క గోళ్లు తనే తీసేవాడు. ముసలిదై తిరుగుడు తగ్గాక అది రోజంతా అరుగు మీదే పడుకునేది. నేలకు ఒరుసుకోక గోళ్లు పెరిగిపోయేవి. ముందరి కాళ్లకు కాస్త పైన ఉండే బొటనగోరైతే నేలకు తగలనే తగలదు.

"నెలకోపాలి సూసి కొస మట్టుకే తియ్యి. లోపల ఎర్రగా ఉన్నాది కోసీకు, నెత్తురొస్తాది" అని ఆ ఏడు నాకు చెప్పి బయల్దేరాడు.

నేను నెయిల్ కట్టర్ పట్టుకుని కూర్చోగానే అత్త లాక్కుంది.

"మనిషి గంగ మీద ఉండగా ఇంట్లో గోరు తియ్యకూడదు."

సముద్రాన్ని గంగ అనే మా వాడలో ఆ పట్టింపు ఉన్నదే. నా గోళ్లయితే పుట్టింటికి వెళ్లినప్పుడు తీసుకునేదాన్ని. కుక్కకు పుట్టిల్లెక్కడ?

"దానికేటి పట్టింపు అత్తా?" అన్నాను.

"ఈ ఇంటి కూడు తినట్లేదేటే అది?"

కట్టర్ బియ్యం డబ్బాలోకి పోయింది. ఫోన్‌లో మా ఆయనకు చెబుదామనుకున్నాను. సముద్రం మీదున్న మనిషికి ఇంటి గొడవలెందుకని ఊరుకున్నాను. చెప్పి ఉండాల్సింది. కుక్క కుంటడం మొదలుపెడితే, ముసలితనం అనుకుని అత్త రోజూ మోకాళ్లకు నూనె రాసేది.

ఆయన వచ్చిన రోజు ఆటో చప్పుడుకు కుక్క లేచింది. ఎప్పుడూ రోడ్డు దాకా పరిగెత్తేది, ఈసారి అరుగు కూడా దిగలేక కూలబడింది. ఆయన కాలెత్తి బొచ్చు తప్పించి చూశాడు. బొటనగోరు గుండ్రంగా తిరిగి కండలోకి దిగి చీము పట్టింది.

"సెప్పొద్దా అమ్మా" అన్నాడు.

పశువుల డాక్టరు గోరు తీసి కట్టు కట్టాడు. పుండు మానింది గానీ కుంటు పోలేదు.

మరుసటేడు ఆయన వెళ్లాక అత్తే బియ్యం డబ్బాలోంచి కట్టర్ తీసి నా చేతిలో పెట్టింది.

"తియ్యే. గంగమ్మకి నాను సెప్పుకుంతాను."

కాలు పట్టుకోబోతే కుక్క నాకు పళ్లు చూపించింది. అత్త పక్కన కూర్చుని చెయ్యి చాచింది. అది ఆ చేతిని నాకి, కాలు మాత్రం పొట్ట కిందకు దాచేసుకుంది.

"ఇయ్యవే తల్లీ" అని అత్త బతిమాలుతూనే ఉంది.